కంప్యూటర్ అడగని ప్రశ్న

వేసవి సెలవులు సమీపిస్తే పిల్లలను కోడింగ్ తరగతుల్లో చేర్పించాలన్న ఆరాటం మన ఇళ్ళలోనూ కనిపిస్తోంది. మంచిదే. అయితే నేర్పవలసింది పైథానా, జావానా అన్న చర్చకు ముందు కంప్యూటర్ అసలు ఏం చేస్తుందో మనం తెలుసుకోవటం అవసరం.

కంప్యూటరుకు అక్షరమూ తెలియదు, అర్థమూ తెలియదు. విద్యుత్తు ఉండటం, లేకపోవటం అనే రెండు స్థితులే దానికి ఆధారం. వాటిని మనం 1, 0 అని రాసుకుంటాం. యూనికోడ్ పట్టికలో ‘అ’ అక్షరానికి కేటాయించిన సంఖ్య 3077. దాన్ని ఒకట్లు, సున్నాలతో రాస్తే 110000000101 అవుతుంది. ఛాయాచిత్రమైనా, పారాయణం రికార్డయినా లోపల ఇలాంటి అంకెల వరుసే.

ఆ అంకెలతో ఏం చేయాలో క్రమంగా చెప్పే ఆదేశాలే ప్రోగ్రాము. ఆ క్రమాన్ని అల్గోరిథం అంటారు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ పేరే లాటిన్‌లో రూపాంతరం చెంది ఈ మాట అయింది. బీజగణితంపై ఆయన రచించిన గ్రంథంలో వీలునామాలు, వారసత్వ పంపకాల లెక్కలకు పెద్ద భాగమే ఉంది. గొప్పలు చెప్పుకోవటానికి ఈ సంగతి ఎత్తలేదు. ప్రోగ్రామింగ్ తొలి పాఠానికి ఆ లెక్కే చక్కగా సరిపోతుంది.

ఒక వ్యక్తి 6,00,000 రూపాయలు వదిలి మరణించాడనుకుందాం. తల్లిదండ్రులు ముందే గతించారు. భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారు. వీలునామా లేదు. ‘ఆస్తి’ అని పేరు పెట్టిన ఒక డబ్బాలో ఆ మొత్తాన్ని వేస్తాం. దీన్నే వేరియబుల్ అంటారు. తరువాత షరతు: సంతానం ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకుంటే నాలుగో వంతు. మిగిలినది కుమారుడికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. జవాబు క్షణంలో వస్తుంది: భార్యకు 75,000, కుమారుడికి 3,50,000, కుమార్తెకు 1,75,000. కూడితే సరిగ్గా ఆరు లక్షలు.

లెక్కలో దోషం లేదు. కానీ జవాబు తప్పు! ఖనన ఖర్చులు, అప్పులు తీర్చాకే పంపకం మొదలవుతుంది. ఇక్కడ ఖనన ఖర్చులను బంధువులు భరించారనుకున్నా, బయటి అప్పు 96,000, భార్యకు చెల్లించని మహర్ 24,000 ఉన్నాయి. మహర్ కూడా అప్పే. ఆ 1,20,000 తీసివేస్తే పంచవలసింది 4,80,000. భార్యకు మహర్ కాక 60,000, కుమారుడికి 2,80,000, కుమార్తెకు 1,40,000.

‘అప్పులేమైనా ఉన్నాయా?’ అని కంప్యూటర్ తనంతట అడగదు. అడగమని మనం ఒక వాక్యం రాయాలి. పంపకానికి తరువాత కాదు, ముందు రాయాలి. మన కుటుంబాల్లో చాలాచోట్ల పెద్దలే మరచిపోయే వాక్యం అది. ఫోనులో ఏదో యాప్ చూపిన అంకెలను నమ్మి వితంతువు మహర్‌ను మింగివేస్తే, ఆ అన్యాయాన్ని యంత్రంపైకి నెట్టలేము.

ఈ పాఠానికి కంప్యూటర్ కొననవసరం లేదు, ఒక నోటుపుస్తకం చాలు. పిల్లలచేత ఆదేశాలను ఒక్కొక్క వరుసలో రాయించండి. తరువాత కుమారుడిని కొట్టివేసి, ఒక్క కుమార్తె మాత్రమే ఉందని చెప్పండి. అప్పుడామె వాటా సగం. కొత్త షరతును ఏ వరుసలో చేర్చాలో వారినే వెతకనివ్వండి.