డెన్మార్క్ రైతుల చేవ్రాలు

డెన్మార్క్ పేరెత్తగానే మన రైతు సోదరులు "అది ధనిక దేశము, దానితో మనకేమి పోలిక" అందురు. ఆ దేశ వైశాల్యము సుమారు 43 వేల చదరపు కిలోమీటర్లు. పాత కరీంనగరు జిల్లాలు నాలుగింటిని పేర్చినంత కూడ లేదు. జనము 60 లక్షలకు అటునిటు. మన శ్రీరాంపూర్ నేల క్రింద ఉన్నట్టి బొగ్గు వారికి లేదు.

ఒకప్పుడు వారిది చితికిన సంసారమే. 1864 యుద్ధములో ప్రష్యా, ఆస్ట్రియాలకు ఓడి రాజ్యములో మూడవ వంతుకు పైగా భూమి పోగొట్టుకొనిరి. 1870 తరువాత అమెరికా, రష్యాల నుండి చౌక ధాన్యము వచ్చి పడి ధరలు కూలినవి. జర్మనీ 1879లో దిగుమతి పన్ను వేసి తన రైతును కాచుకొనెను. డెన్మార్క్ రైతు ఆ చౌక గింజనే పశువులకు మేపి, వెన్నను ఇంగ్లండుకు అమ్మసాగెను.

అయితే నాలుగైదు ఆవులు గలవారి వెన్న ఇంటికొక రుచి, ఇంటికొక రంగు. అట్టిదానికి ధర రాదు. పాలను త్రిప్పి మీగడ తీయు యంత్రము వచ్చినది గాని, దాని వెల ఒక్క రైతుకు మించినది. అప్పుడు 1882లో జట్లాండ్ పడమటి దిక్కున యెడ్డింగ్ అను పల్లెలో రైతులు కూడి ఒక కాగితము వ్రాసికొనిరి. ఇంటి వాడుకకు పోను పాలన్నియు సంఘమునకే పోయవలెను. అప్పుకు అందరు కలిసి పూచీ. లాభము పోసిన పాలను బట్టి. ఓటు మాత్రము, ఆవులెన్ని ఉన్నను, మనిషికొకటే. 1900 నాటికి ఇట్టి సంఘములు సుమారు వెయ్యి. మీగడ తీసిన పాలు తిరిగి రైతు ఇంటికి వచ్చి పందులకు మేత అయ్యెను. 1887లో జర్మనీ వారి పందులను రానీయకపోగా, ఆ ఏడే హార్సెన్స్ పట్టణమున సహకార పద్ధతిపై పందిమాంసపు కర్మాగారము పెట్టుకొనిరి. కాగితము చదివి చేవ్రాలు చేయగల రైతులు ఊరక పుట్టలేదు. పిల్లల చదువును నిర్బంధము చేసిన చట్టము 1814 నాటిది.

డబ్బు లేక మన పాల సంఘములు చెడినవందురు. నేనట్లనుకొనను. వేసవిలో లీటరుకు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చిన బయటివానికి పోయుదుము. పాలు పొంగిన రోజులలో సంఘము తలుపు తట్టుదుము. బండి, కూలి, కరెంటు ఖర్చు మాత్రము సంఘమునకు ఏడాది పొడుగున ఒక్కటే. చుట్టరికము చూచి నీళ్ల పాలు దించుకొను గుమాస్తా సంగతి చెప్పనే అక్కరలేదు.

కట్టుబాటు చలిదేశముల వారికే చెల్లునని అనుకొనవద్దు. గోదావరి దాటి పోయిన, నాటి కరీంనగరు జిల్లా ములుకనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు 14 గ్రామముల రైతులతో సహకార సంఘము నెలకొల్పిరి. అది నేటికిని నడుచుచున్నది. 2002 నుండి అక్కడి స్త్రీలు పాల సంఘమును తామే నడుపుకొనుచున్నారు.

నేటి డెన్మార్క్‌లో సేద్యము చేయువారు కొద్దిమందే. ఊరూరి సంఘములును కలిసి పెద్ద సంస్థలైనవి. మనకు పనికివచ్చునది 1882 నాటి డెన్మార్క్.

శ్రీరాంపూర్ గనుల కాలనీలలో పాలు కొనువారు మన ముంగిటనే ఉన్నారు. క్రొత్త సంఘము కోరు గ్రామాధికారులు భవనమునకు స్థలము వెదకుటకు ముందు, మూడేండ్లు పాలన్నియు సంఘమునకే పోయుదుమని ఎందరు చేవ్రాలు చేయుదురో చూడవలెను. పదిమందే చేసిన, ఆ ఏడు కట్టడము వలదు. ఆ పదిమంది పాలను రోజూ పరీక్ష చేసి, కాలనీకి పంపి, లెక్క వ్రాయుట మొదలుపెట్టిన చాలును.