స్విచ్చి మనది, వైరు వాళ్లదా?

పాలీసెట్ ర్యాంకు వచ్చాక కాలేజీల ఆప్షన్లు పెట్టుకునే రోజది. రాత్రి తొమ్మిదైంది. నేను గిన్నెలు సర్దుకుంటుంటే మా అమ్మాయి వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"అమ్మా, మొదటి ఆప్షను ట్రిపుల్ ఈ పెట్టేస్తున్నా, సరేనా?" అంది.

ట్రిపుల్ ఈ అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా. నాకు తెలియక కాదు. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట, "నాన్నగార్ని ఓసారి అడుగు."

ఇప్పటికి పద్నాలుగు కథలు రాశాను నేను. వాటిలో సగానికి పైగా కథల్లో ఇల్లాలు చివర్లో గడప దాటుతుంది. దాటించింది నేనే. సొంత కూతురు గడప దగ్గరికి వచ్చి నిలబడితే, నాన్నగార్ని అడగమని తప్పుకున్నదీ నేనే. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మేముండేది హఫీజ్‌పేటలో. ఈ ఫ్లాట్ మా మామగారు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొన్నది. ఆయన ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, అప్రెంటిస్ చేసి, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో చేరారు. టర్బైన్లూ జనరేటర్లూ తయారయ్యే చోటు. ఆ రోజుల్లో అక్కడ పర్మనెంటయిన కుర్రాడంటే పిల్లనిచ్చేవాళ్లు వరస కట్టేవారట. మా అత్తగారు ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు కాస్త నిటారుగా కూర్చుంటారు. ఆ జీతంతోనే ముగ్గురు పిల్లల చదువులూ, ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లూ గడిచాయి.

తర్వాత 1998లో మాదాపూర్లో సైబర్ టవర్స్ లేచింది. దాని వెనకాలే కొండాపూర్, గచ్చిబౌలి, మా హఫీజ్‌పేట దాకా అద్దాల మేడలు పాకాయి. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో ఎవరి పిల్లల్ని ఏం చదువుతావని అడిగినా ఒకటే జవాబు, కంప్యూటర్స్. ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగులు. పాలిటెక్నిక్ అంటే "అయ్యో, ఇంటర్లో సీటు రాలేదా?" అంటారు. ఐటీఐ అంటే ఆ మాత్రం జాలి కూడా ఉండదు.

ఈ ట్రిపుల్ ఈ పిచ్చి మా పిల్లకెలా పట్టిందో చెప్పాలి. కిందటేడు వానాకాలం సెల్లార్లోకి నీళ్లొచ్చి, కరెంటు బోర్డు దగ్గర పొగలు వచ్చాయి. రెండు రోజులు లిఫ్టు లేదు, మోటారు లేదు. బాగుచెయ్యడానికి వచ్చినతను పగలు మాలాంటి అపార్ట్‌మెంట్లు చూసుకుని, రాత్రిళ్లు కొండాపూర్లో ఓ పెద్ద భవనంలో షిఫ్టు చేస్తాడు. ఐటీఐ చదివాడు. మా పిల్ల టార్చిలైటు పట్టుకుని అతని వెనకాలే తిరిగింది. అతనూ విసుక్కోకుండా చెప్పాడు. ఆ అద్దాల మేడల్లో కరెంటు పోయిన క్షణంలోనే బ్యాటరీలు అందుకుంటాయట. అవి కాసేపు మోస్తుండగా డీజిల్ జనరేటరు లేస్తుందట. పైన పనిచేసేవాళ్లకి దీపం రెప్ప కొట్టినట్టు కూడా తెలియకూడదు. ఆ మార్పు సరిగ్గా జరిగేలా చూడటానికి కింద రాత్రంతా మనుషులు మేలుకుని ఉంటారు. ఈ మాటలు చెప్పేటప్పుడు దాని కళ్లు చూడాలి మీరు. సాఫ్ట్‌వేర్ అంటూ ఊరంతా కలవరించడమే తప్ప, ఆ సాఫ్ట్‌వేర్ కింద ఒక సెల్లారు ఉంటుందని నాకూ అప్పుడే తట్టింది.

సరే, ఆప్షన్ల సంగతి చుట్టాలకి ఎలాగో తెలిసిపోయింది. మొదటి ఫోను మా వదినగారిది, అంటే మావారి అక్కగారిది.

"ఏమ్మా, పిల్లని స్తంభాలెక్కిస్తావా ఏం?" అన్నారు.

"మీ నాన్నగారు చదివిన చదువే కదా వదినగారూ" అన్నాన్నేను.

"మగాళ్ల సంగతి వేరమ్మా. రేపు పెళ్లిచూపుల్లో ఏమని చెప్పుకుంటాం?"

ఆమెని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. నేను పైకి అనలేని మాటే ఆమె అన్నారు మరి. షాకులూ, ప్రమాదాలూ అని మనం పైకి చెబుతాం. లోపలున్న బెంగ వేరు. చేతికి నల్లమసి అంటే చదువు ఆడపిల్లకి నామోషీ అని.

నిజంగా ప్రమాదం గురించే అయితే, ఇంట్లో కరెంటుతో రోజంతా పనిచేసేదెవరండీ? పొద్దున్నే గీజరు వేసేది మనం. తడి చేత్తో మిక్సీ స్విచ్చి నొక్కేది మనం. గ్రైండరు, ఇస్త్రీపెట్టె, వాషింగ్ మెషీన్, మోటారు, అన్నీ మన చేతుల మీదే నడుస్తాయి. అప్పుడెవరూ "ఆడదానికి కరెంటెందుకు" అనరు. స్విచ్చి వెయ్యడం దాకా మన పని. దాని వెనకాల ఏముందో తెలుసుకోవడం మాత్రం మగవాళ్ల పని.

ఇందులో నా అనుభవం ఒకటుంది. పెళ్లైన కొత్తలో మేం అద్దెకున్న ఇంట్లో వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. ఇంటాయన ఓ ఎలక్ట్రీషియన్ని పంపాడు. అతను వచ్చి మావారితో మాట్లాడి, మావారికే చెప్పి వెళ్లిపోయాడు. రోజూ షాకు తింటున్నది నేను! వంటింటి గుమ్మంలోంచి విన్నది ఒక్కటే, "ఏం కాదు సార్, మేడంని రబ్బరు చెప్పులు వేసుకోమనండి." రెండేళ్లు రబ్బరు చెప్పులేసుకుని బట్టలుతికాను. అప్పుడు కడుపుతో ఉన్నాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అసలు సంగతి మొన్న మా పిల్ల చెబితే తెలిసింది. మూడు కాళ్ల ప్లగ్గులో పైనుండే లావుపాటి కాలు ఎర్తింగుది. మెషీన్ రేకులోకి కరెంటు దిగితే, అది మన ఒంట్లోంచి కాకుండా ఆ దారిన భూమిలోకి పోవాలి. ఆ ఇంట్లో గోడకి మూడు కన్నాల సాకెట్టుంది గాని, దాని వెనక ఎర్తు వైరు కలిపి ఉండదట. పైకి చూస్తే అంతా ఉన్నట్టే.

ఇంకోటి కూడా చెప్పింది. బోర్డులో చిన్న చిన్న ఎంసీబీ స్విచ్చిలుంటాయి కదా, ఏదైనా అయితే అవే పడిపోతాయిలే అనుకుంటాం. అవి వైరు కాలిపోకుండా కాపాడతాయి. మనిషికి షాకు కొట్టినప్పుడు ఒంట్లోంచి పోయే కరెంటు చాలా తక్కువ. అంత కొంచేనికి అవి పడవు. మనిషి కోసం ఉండేది ఆర్‌సీసీబీ అని వేరే ఉంది. వెళ్లిన కరెంటంతా తిరిగి రాకపోతే తేడా పసిగట్టి, ఇళ్లలో వాడే రకమైతే 30 మిల్లీ ఆంపియర్లకే కనెక్షన్ తెంచేస్తుంది. దాని మీద "టెస్ట్" అని బొత్తాం ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి పడుతోందో లేదో చూసుకోవాలట. మీ ఇంట్లో ఉందో లేదో ఇవాళే చూసుకోండి. మా ఇంట్లో లేదు. మామగారు ఉన్నంతకాలం ఆయనే చూసుకునేవారని ఎవరం పట్టించుకోలేదు. పోయిన వారమే పెట్టించాం.

ఇదేమన్నా కొత్త ముచ్చటా అంటే అదీ కాదు. అయ్యలసోమయాజుల లలిత అని మన తెలుగావిడే, 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనో ఏట పెళ్లి, పద్దెనిమిదో ఏట భర్త పోయాడు. చేతిలో నాలుగు నెలల పాప. అప్పటి సంప్రదాయం ప్రకారం ఓ మూల కూర్చోవాల్సిన పిల్ల. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవారు. ఆయన కూతుర్ని అక్కడే చేర్పించారు. 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరై బయటికొచ్చింది. దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఆవిడ పేరు చెబుతారు. తర్వాత కలకత్తాలో ఓ కంపెనీలో భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో పాలు పంచుకుంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకీ వెళ్లింది. ఆ తండ్రి చుట్టాల ఫోన్లకి ఏం జవాబు చెప్పి ఉంటాడా అని నాకు కుతూహలం. అప్పుడు ఫోన్లు ఇంటింటికీ లేకపోవడం ఆయన అదృష్టం.

ఇక స్తంభాలంటారా. 2019లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకి ప్రకటన ఇస్తూ ఆడవాళ్లు పనికిరారని రాసింది. ఎలక్ట్రికల్‌లో ఐటీఐ చదివిన అమ్మాయిలు హైకోర్టుకెళ్లారు. కోర్టు ఆదేశంతో 2020 డిసెంబరులో స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. సిద్దిపేట జిల్లా నుంచి వచ్చిన బబ్బూరి శిరీష అందులో నెగ్గి 2021లో ఉద్యోగంలో చేరింది. పట్నంలో కూర్చుని మనం "ఆడపిల్ల ఎక్కుతుందా" అని చర్చించుకుంటుండగా, ఆ పిల్ల పల్లెటూళ్లో ఎక్కడం నేర్చుకుని, కోర్టు మెట్లూ ఎక్కి, స్తంభమూ ఎక్కింది. మా వదినగారికి ఈ సంగతి చెప్పాను. "అలాగా" అన్నారు. అంతే. అయినా ఫోను పెట్టెయ్యలేదు, అదొక మెరుగు.

అలాగని ఈ చదువు చదివితే పూలబాటే అని నేను చెప్పను. బీహెచ్‌ఈఎల్‌లో మామగారికి దొరికిన పర్మనెంటు ఉద్యోగం లాంటిది ఇప్పుడు అరుదు. మా సెల్లారు బాగుచేసిన అబ్బాయి చేసేది కాంట్రాక్టు పనే. రాత్రి షిఫ్టులు. ఆడవాళ్లకి వేరే గది, ఒక్కోచోట బాత్రూము కూడా ఉండదు. అందుకే నేను దీని వెనకున్న దార్లన్నీ కనుక్కున్నాను. డిప్లొమాలో ఆరు నెలలు పరిశ్రమలో శిక్షణ ఉంటుంది. తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంటర్ ఒకేషనల్లోనూ ఎలక్ట్రికల్ కోర్సుంది. సొంతంగా పని పట్టాలంటే వైర్‌మన్, సూపర్‌వైజర్ పర్మిట్లుంటాయి. అపార్ట్‌మెంట్లో ఆడవాళ్లమే ఉన్న పగటిపూట, గీజరు చూడటానికి ఓ ఆడమనిషి టెస్టరు పట్టుకుని వస్తే ఎంత నిశ్చింత! ఆవిడైతే నాతోనే మాట్లాడుతుంది కదా.

నన్ను ఇంకో సంగతి కూడా కలవరపెడుతోంది. మా చెల్లెలి తోటికోడలి కూతురు వేరే ఊళ్లో ఇదే కోర్సు చదివింది. ల్యాబులో జట్టుకి నలుగురు. "నీ రాత బావుంటుంది, రికార్డు నువ్వు రాయి, కనెక్షన్లు మేమిస్తాం" అనేవాళ్లట మగపిల్లలు. సారు కూడా అదే బావుందనుకున్నారట. మూడేళ్లూ చక్కటి బొమ్మలు గీసి ఫస్టు క్లాసులో పాసైంది. మోటారుకి వైరు కలపమంటే చేతులు వణుకుతాయి పాపం. పిల్లని చేర్చి ఊరుకోకుండా, "ఇవాళ ల్యాబులో కనెక్షన్ ఎవరిచ్చారు?" అని సాయంత్రం అడగాలి తల్లులం. మార్కులడుగుతాం గాని ఇదెవరడుగుతాం?

ఆ రాత్రి మావారు పేపర్లోంచి తలెత్తకుండా, "నాన్న చదివిందేగా, పెట్టుకోనీ" అన్నారట. నేను చూపించిన తలుపు ఎవరూ గడియ పెట్టినదే కాదు! పొద్దున్నే లేచి, "మొదటి ఆప్షను అదే పెట్టు, ఇది నా మాట" అని చెప్పాను. సీటు మాసబ్ ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో వచ్చింది. హఫీజ్‌పేటలో ఎంఎంటీఎస్ ఎక్కి లక్డీకాపూల్లో దిగి వెళ్లాలి.

ఇంకా వానలు మొదలవలేదు. మొన్న ఆదివారం అది బకెట్టు పట్టుకుని కిందికెళ్లి, మీటర్ల గది పక్కనున్న ఎర్తింగు గొయ్యిలో నీళ్లు పోస్తోంది. ఉప్పూ బొగ్గూ వేసిన గొయ్యి అది, ఎండిపోతే సరిగ్గా పనిచెయ్యదు. బాల్కనీలోంచి మా అత్తగారు చూసి, "ఏమే, మొక్కా మోడూ లేని చోట నీళ్లెందుకు పారబోస్తున్నావ్?" అని కేకేశారు.

"తాతయ్య పోసేవాడు కాదా నానమ్మా?" అందది కిందనుంచి.

అత్తగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నావైపు తిరిగి, "ఎండాకాలం రెండు బకెట్లు పోసేవారు" అన్నారు.