పేరు తెలియకముందే శిక్ష

ఇంట్లో రీఫ్ అక్వేరియం పెంచుకునే మనమందరం కలిసి ఒక దుర్మార్గాన్ని మామూలు పనిగా మార్చేశాం. రాత్రి లైట్లు ఆర్పాక రాతి సందులో తెలియని పీత కనిపిస్తే, అది ఏ పీతో తెలుసుకోకముందే చంపే ఉపాయం వెతుకుతాం. సిరంజితో మరిగే నీళ్లు సందులోకి కొడతాం. ఇనుప పుల్లతో పొడుస్తాం. రాయినే తీసి మంచినీళ్లలో ముంచుతాం. ఉప్పునీటి ప్రాణులకు ఆ మంచినీళ్లే విషం. పీతతో పాటు రాతిలో దాగిన పురుగులు, చిన్న రొయ్యలు కూడా పోతాయి. వాటిని మనం లెక్కలోకే తీసుకోం.

ఆ పీత తనంతట తాను మన ఇంటికి రాలేదు. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్‌లోనో, పగడం కొమ్మల మధ్యనో దాక్కుని వచ్చింది. రాతిలో ప్రాణం ఉందనే కదా ఎక్కువ ధర పెట్టి కొన్నాం? ఆ ప్రాణం కాళ్లు చాచి కదలగానే దాన్ని శత్రువుగా చూశాం.

మన దగ్గరున్న తీర్పు కూడా ఎంత మోటైనదో చూడండి. ఒళ్లంతా నూగు, డెక్కల కొసలు నలుపు అయితే గొరిల్లా పీత, చంపేయాలి. ఒళ్లు పచ్చగా ఉంటే ఎమరాల్డ్ పీత, ఉంచుకోవచ్చు. నిజానికి గొరిల్లా పీత అన్నది ఒక జాతి పేరు కాదు. క్సాంథిడే కుటుంబంలోనూ, దాని చుట్టుపక్కల కుటుంబాల్లోనూ ఉన్న ఎన్నో జాతులకు మనం కట్టగట్టి పెట్టుకున్న పేరు. 2008లో వచ్చిన ప్రపంచ పీతల జాబితాలో 6,700కు పైగా పేర్లున్నాయి. వాటికి మనం రెండే గదులు కట్టాం. నత్తలను, పగడాలను తినే పీతలు ఉన్నమాట నిజమే. బబుల్ ఆల్గే తింటుందని కొని తెచ్చుకునే ఎమరాల్డ్ పీత కూడా మేత కరువైతే పగడాల జోలికి పోతుందన్నదీ నిజమే.

మన నేరం స్పష్టంగా కనిపించేది ట్రాపీజియా పీతల విషయంలో. పోసిల్లోపోరా పగడం కొమ్మల మధ్య కాపురముండే చిన్న పీతలివి. పగడం నుంచి ఊరే జిగురును తిని బతుకుతాయి. పగడాన్ని మేయడానికి ముళ్లకిరీటం నక్షత్రచేప వస్తే దాని ముళ్లను, పాదాలను డెక్కలతో గిల్లి తరిమేస్తాయి. ఫ్రెంచ్ పాలినేషియాలోని మోరియా దీవి దగ్గర శాస్త్రవేత్తలు కొన్ని పగడాల నుంచి ఇలాంటి పీతలను తీసేసి చూశారు. 2006లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, పీతలు లేని పగడాల్లో 50 నుంచి 80 శాతం నెల తిరక్కుండానే చనిపోయాయి. పీతలున్నవన్నీ బతికాయి. పగడం మీద పేరుకునే మట్టిని ఆ పీతలే ఎప్పటికప్పుడు దులిపేస్తున్నాయి. అలాంటి పీతను మనం చీడ పోవాలని పగడంతో సహా మందునీళ్లలో ముంచి, బకెట్ అడుగున పడ్డ దాన్ని పారబోస్తున్నాం. ఇంటికి కాపలా ఉన్నవాణ్ణి దొంగ అనుకుని కొట్టి చంపడమే ఇది.

తెలియక చేశామని తప్పించుకోలేం. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. డెక్కల వెనక మూడు జతల కాళ్లే కనిపిస్తే అది నీటిలో తేలే ఆహారాన్ని వడగట్టుకుని తినే పోర్సలిన్ పీత కావచ్చు. డెక్కల కొసలు గరిటెలా గుంటగా ఉంటే నాచు గీకి తినేది కావచ్చు. అనుమానం తీరకపోతే గాజు గ్లాసులో రొయ్య ముక్క వేసి, రాత్రిపూట రాతికి ఏటవాలుగా ఆనించి పెడితే చాలు. లోపలికి దిగిన పీత నున్నటి గాజు ఎక్కలేదు. దాన్ని అక్వేరియం కింది వడపోత తొట్టిలో (సంపులో) ఉంచి, మేత వేస్తూ చూడవచ్చు. ఈ రంగంలో ఏళ్లు గడిపినవాళ్లం కొత్తవాళ్లకు ముందుగా నేర్పాల్సింది ఇదీ. మనం నేర్పింది మాత్రం మరిగే నీళ్లు, ఇనుప పుల్ల.

చంపడానికి చేతులు రానివాళ్లు సముద్రంలో వదిలేస్తామంటారు. అదీ దయ కాదు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల లయన్‌ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో కనిపించింది. అక్వేరియంల నుంచి వదిలినవే అందుకు మూలమని భావిస్తున్నారు. ఇప్పుడది కరీబియన్ పగడపు దిబ్బల మీది చిన్న చేపలను ఊడ్చేస్తోంది. అంతదూరం ఎందుకు? అక్వేరియం అద్దం నాచు తింటుందని తెచ్చిన సక్కర్ చేప మన చెరువుల్లో, కాలువల్లో చేరి జాలర్ల వలలు చింపుతోంది. ఆ నష్టం భరిస్తున్నది దాన్ని కొన్నవాళ్లు కాదు.

మన దేశంలో 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అయినా రాయి ఏ దిబ్బ నుంచి వచ్చిందని దుకాణంలో అడిగేవాళ్లు ఎంతమంది? ప్రాణం లేని పొడి రాయితో తొట్టి మొదలుపెడితే రాతిలో దొంగచాటుగా వచ్చే పీతే ఉండదు. ఆ రాయి ప్రాణులతో నిండడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు ఆగలేకే దిబ్బను విరిచి తెప్పించుకుంటున్నాం, అందులో వచ్చిన ప్రాణులను చంపుతున్నాం. మన తొట్టిలో చచ్చిన ప్రతి పేరులేని పీత చావుకూ మన తొందరే కారణం. ఆ పీతను పోల్చుకునే ఓపిక, పెట్టుకునే చోటు లేనంతకాలం సముద్రపు రాయిని కొనే హక్కు మనకు లేదు.