శ్రద్ధాంజలిలో శ్రద్ధ ఏదీ?



నాతోపాటు ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించిన సహోపాధ్యాయులొకరు నిరుడు స్వర్గస్థులయ్యారు. ముప్పయ్యేళ్ళు పిల్లలచేత ద్విత్వ సంయుక్తాక్షరాలు దిద్దించిన మనిషి. ఒక్క ఒత్తు జారినా ఆ మాటను పదిమార్లు రాయించేవారు. అటువంటి వారి ఇంటిముందు నిలబెట్టిన నిలువెత్తు ఫ్లెక్సీ మీద ఏమని ఉన్నదనుకొన్నారు? "శ్‌రద్‌ధాంజలి". చిత్రపటానికి పూలదండ ఉన్నది, వెనుక బంగారు కిరణాలున్నాయి, అక్షరాలకు నీడలున్నాయి. శ్రద్ధ ఒక్కటే లేదు.

దాన్ని తయారుచేసినవాడు మా ఇద్దరికీ శిష్యుడే. "ఏరా, ఇది నీ కంటపడలేదా?" అని అడిగాను. "చూశాను మాస్టారూ, సిస్టంలో అట్లాగే వచ్చింది. మ్యాటర్ వాళ్ళు పంపిందే. నా పని డిజైన్ వరకే" అన్నాడు. ఆ చివరి మాటతోనే నాకు తగవు. అక్షరాన్ని చదవటం డిజైనరు పని కాదన్న సిద్ధాంతాన్ని వీరికి ఎవరు ఉపదేశించారు?

ఈ విద్యలో కొత్తగా అడుగుపెట్టే వారికి చెప్పే హితవచనాలు నేనూ చదివాను. రెండు ఫాంట్లకు మించి వాడవద్దు, ఖాళీ జాగాకు భయపడవద్దు, ముఖ్యమైన మాటను పెద్దది చెయ్యి, రంగులు పరిమితంగా వాడు. మంచి మాటలే, కాదనను. అయితే వాటిలో అనేకం ఆంగ్లలిపిని ఎదుట పెట్టుకొని చెప్పినవి. ఆ లిపిలో అక్షరాలు బడిపిల్లల మాదిరి ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి నిలుస్తాయి. మన అక్షరానికి తలమీద గుడి ఉంటుంది, కాళ్ళకింద ఒత్తు ఉంటుంది, ఒక్కొక్కప్పుడు ఆ ఒత్తుకు తోడు మరొక ఒత్తు. ఈ భేదం తెలియకుండా ఆ సూత్రాలను వల్లించటం, ఛందస్సు తెలియకుండా పద్యానికి రాగం కట్టటం వంటిది.

ఉదాహరణలు చూపుతాను. ఇన్‌డిజైన్‌లో మనం ఏమీ మార్చకపోతే పంక్తికీ పంక్తికీ నడుమ ఎడం అక్షర పరిమాణంలో 120 శాతం. అంటే పది పాయింట్ల అక్షరానికి పన్నెండు పాయింట్లు. ఆంగ్లానికి అది సాధారణంగా చాలు. తెలుగులో మాత్రం పై పంక్తిలోని "రాష్ట్రం" దించిన ఒత్తులు కింది పంక్తిలోని "కీర్తి" నెత్తిన కూర్చునే ప్రమాదం ఉన్నది. యంత్రం ఇచ్చిన ఎడమే ప్రమాణమని నమ్మినవాడికి ఆ గుద్దులాట కనబడదు.

అక్షరం చుట్టూ లావుపాటి గీత గీయటం మరొక వేడుక. ప, వ అనే రెండక్షరాలకు ఉన్న భేదమెంత? ఒకదానికి తలకట్టు అంటదు, రెండోదానికి అంటుతుంది. ఆ సన్నని సందును గీతతో పూడ్చారంటే "పండు" కాస్తా "వండు" అవుతుంది, "పరుగు" ఎండిన "వరుగు" అవుతుంది. థకారంలోని చుక్క పూడిపోతే "అర్థం" కాస్తా "అర్ధం" అవుతుంది. మాటలోని అర్థం నిజంగానే సగమైపోతుంది! ఇక చోటు చాలలేదని అక్షరాలను అడ్డంగా నొక్కటం, చోటు మిగిలిందని సాగదీయటం నిత్యకృత్యం. అక్షరం రబ్బరుముక్క కాదు. నొక్కితే నిలువుగీతలు బక్కచిక్కుతాయి, అడ్డగీతలు లావుగానే మిగులుతాయి.

"అయితే అక్షరంతో ఆడుకోకూడదా? కళ ఎట్లా పుడుతుంది?" అని అడుగుతారు. నిరభ్యంతరంగా ఆడుకోండి. బాపు ఆడుకోలేదా? ఆయన రాత పండితుల గుండ్రని దస్తూరీ కాదు. అయినా అందులో ఏ అక్షరం ఏదో పోల్చుకోలేక తికమకపడ్డవాడు నాకు తారసపడలేదు. ఆయన అక్షరాన్ని వంచారే గాని విరవలేదు. వంచటానికి ముందు అది ఎక్కడ విరుగుతుందో తెలిసి ఉండాలి.

"యంత్రమే తప్పు చూపితే మేమేం చేస్తాం?" అన్నది రెండో వాదం. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక అక్షరక్రమం ఎదురుపడి ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. అంతటి యాపిల్ సంస్థే మన సంయుక్తాక్షరం ముందు తడబడింది. కాని అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదలచేసి సరిదిద్దుకొన్నది. తడబడటం నేరం కాదు, దిద్దుకోకపోవటం నేరం. ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులను కూర్చటానికి వరల్డ్ రెడీ అనే అమరిక వేరుగా ఉన్నది. దాన్ని ఎంచుకొంటే విడిపోయిన ఒత్తులు తమ చోటికి చేరతాయి. ఫాంట్లకూ కరువులేదు. దేశికాచార్యులవారి పోతన, వేమన ఉన్నాయి. సిలికానాంధ్ర విడుదలచేసిన మండలి, రామభద్ర, గిడుగు, సురవరం ఉన్నాయి. అన్నీ ఉచితమే, అన్నీ యూనికోడే.

యూనికోడ్ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 2000ల తొలి ఏళ్ళలో తెరమీద మన తెలుగు పెట్టెలు పెట్టెలుగా కనబడుతుంటే, ఒకరినొకరు అడిగి, అమరికలు మార్చి, దాన్ని నిలబెట్టుకొన్నవాళ్ళం మనం. ఆంగ్లాక్షరాల సంకేతాలకు తెలుగు ముసుగు వేసే పాత ఫాంట్లలో కూర్చిన పాఠం, ఆ ముసుగు లేని కంప్యూటర్లో అర్థంలేని ఆంగ్లాక్షరాల కుప్ప. అందులో వెదకలేము, దాన్ని దిద్దలేము. కొత్తగా నేర్చుకొనేవాడు ఆ దారి తొక్కనక్కరలేదు.

తప్పంతా కుర్రవాళ్ళదేనా? కాదు. ఒకప్పుడు ముద్రణాలయంలో అక్షరాలు పేర్చే కంపోజిటరు వేరు, దిద్దే ప్రూఫ్‌రీడరు వేరు, అచ్చువేసేవాడు వేరు. ఈనాడు ఆ మూడు ఆసనాల మీదా ఒక్క కుర్రవాడినే కూర్చోబెట్టి, గంటలో కావాలని తొందరపెడుతున్నాము. మేము ఉపాధ్యాయులమూ ఒత్తు జారితే శిక్ష వేశామే గాని, ఆ ఒత్తు మాటను ఎట్లా నిలబెడుతుందో చూపామా? నేనైతే చూపలేదు. ఒప్పుకొంటున్నాను.

అయినా ఆసనం మీద కూర్చున్నందుకు బాధ్యత తప్పదు. అక్షరాలు కూడబలుక్కొనే పసివాడు వాచకం కన్నా ముందు గోడను చదువుతాడు, దుకాణం బోర్డును చదువుతాడు. కనుక డిజైనర్లు కాగోరే చిరంజీవులకు నా సలహా ఒక్కటే. రంగులు, నీడలు, కిరణాలు తరువాత. అచ్చుకు పంపేముందు ప్రతి మాటనూ, అక్కడ ఏమున్నదో అదే, బిగ్గరగా చదవండి. నాలుక తడబడిన చోట తప్పున్నదని గ్రహించండి.

మా శిష్యుడు పెద్దకర్మ నాటికి తన ఖర్చుతోనే మరొక ఫ్లెక్సీ వేశాడు. వేయకముందు కాగితం మీద నకలు తెచ్చి, "ఒకసారి చూసిపెట్టండి మాస్టారూ" అన్నాడు. "నేను చూడను, నువ్వే చదువు" అన్నాను. నడివీధిలో నిలబడి, చిన్నప్పుడు పాఠం అప్పగించినట్టే, పైనుంచి కిందిదాకా చదివాడు. "శ్రద్ధాంజలి" దగ్గర గొంతు కొంచెం వణికింది గాని, నాలుక తడబడలేదు.