ఉసిరిక ముందు ఇంటికి, తరువాత అంగడికి

కార్తీకమాసములో ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేయుదుము. కాయను మాత్రము గంపల కెత్తి వర్తకునికి తూచి యిచ్చెదము. అదే కాయ పొడియై, బిళ్లయై, రంగుల డబ్బాలో ఊరికి తిరిగి వచ్చినప్పుడు ఎన్నో రెట్లు వెలపెట్టి కొనుచున్నాము. ఈ బేరము నాకు సరిగా తోచుట లేదు.

ఉసిరికలోని ముఖ్యమైన బలము 'సి' విటమిను. 1939-40 నాటి హిస్సారు కరవులో చిగుళ్లనుండి నెత్తురు కారు స్కర్వీ వ్యాధి ప్రబలగా, ఉసిరికనే మందుగా వాడి నయము చేసిరి. పాత పట్టికలలో 100 గ్రాముల కాయకు 600 మిల్లీగ్రాములని యుండెడిది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలో 252 మాత్రమే. దీనికి నిరుత్సాహ పడనక్కరలేదు. స్త్రీకి రోజుకు కావలసినది 65 మిల్లీగ్రాములే గదా! అడవికాయలు చిన్నవి, రెండు మూడు చాలును.

అసలు చెప్పదలచిన దిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెండింటను 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారు. మన జొన్నలలో, రాగులలో, తోటకూరలో ఇనుము కలదు. కాని అది సులభముగా ఒంటబట్టదు. అదే ముద్దతో ఉసిరిక తిన్నచో ఎక్కువ పట్టును. కనుక పరగడుపున మ్రింగు పొడికన్న అన్నములో కలుపుకొను తొక్కు మేలని నా అభిప్రాయము. ఉప్పు మితముగా వేయుడు. రక్తపుపోటు గలవారు కాయను పప్పులో వేసికొనవచ్చును. భోజనము కాగానే టీ త్రాగినచో ఈ లాభము చాలవరకు పోవును.

ఆదివారము, రాత్రివేళ ఉసిరిక తినరాదని పెద్దలందురు. తక్కిన ఆరు పగళ్లు చాలవా?

ఏడాది పొడవున కావలెనన్న గింజ తీసి, ముక్కలను గాలి పారు నీడలో ఎండబెట్టి, బిగువు మూతగల సీసాలో నుంచుడు. రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. ఎండినచో విటమిను కొంత తగ్గును గాని పూర్తిగా పోదు.

మధుమేహము మొదలు సర్వరోగములు పోవునని డబ్బాలపై వ్రాసిన మాటలు నమ్మకుడు. వైద్యుడిచ్చిన మందును, ఆరోగ్యకేంద్రములో ఇచ్చు ఇనుపమాత్రను ఉసిరికను నమ్మి మానరాదు.

గ్రామాధికారులకొక మాట. కాయకొరకు కొమ్మలే నరకుచున్నారు. దానిని మాన్పించి, తొలకరిలో బడి ఆవరణమున నాలుగు మొక్కలు నాటించుడు; మధ్యాహ్న భోజనమునకు తొక్కు అక్కడనే దొరకును.