సంస్మరణ సభల్లో వినపడని పేరు

1975 జూన్ 25 రాత్రి విధించిన ఎమర్జెన్సీని తలచుకోవడం రాజధానిలో ఇప్పుడు అధికార కార్యక్రమమైంది. ఆ తేదీని ‘సంవిధాన్ హత్యా దివస్’గా పాటించాలని 2024 జూలైలో కేంద్రం ప్రకటించింది. ఆ సభల్లో జయప్రకాశ్‌నూ, జనసంఘ్ నాయకులనూ స్మరిస్తారు. ఫెర్నాండెజ్ పేరూ వినవస్తుంది. స్వతంత్ర పార్టీ సంప్రదాయవాదుల ఊసు అరుదు.

ఇటీవల ఖరగ్‌పూర్ వెళ్లినప్పుడు ఈ లోటు నాకు మరింతగా తోచింది. రైల్వే కొలువులను నమ్ముకుని శ్రీకాకుళం ప్రాంతం నుంచి వలస వచ్చిన తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న పట్టణమది. అక్కడి ఐ.ఐ.టి. ఆవరణలోనే హిజ్లీ నిర్బంధ శిబిరం భవనం ఉంది. విచారణ లేకుండా బంధించిన వారిపై 1931 సెప్టెంబర్ 16న కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను బలిగొన్నారు. కలకత్తా నిరసన సభలో రవీంద్రుడే ప్రసంగించాడు. విచారణ లేని నిర్బంధమనే ఆ ఆయుధాన్నే ఎమర్జెన్సీ ప్రభుత్వం ‘మీసా’ పేరుతో ప్రయోగించింది.

అలా చెరసాల పాలైనవారిలో శ్రీకాకుళం జిల్లా బారువ బిడ్డ శ్రీ గౌతు లచ్చన్న ఒకరు. ఆయన విప్లవవాది కారు. స్వతంత్ర పార్టీలో ఎదిగిన రైతు నాయకుడు. గురువైన రంగాగారు అప్పటికే కాంగ్రెస్ గూటికి తిరిగి చేరారు. శిష్యుడు మాత్రం జైలుకు వెళ్లాడు. గురువును కాదని నిలవడం ప్రత్యర్థిని ఎదిరించడం కంటే కష్టమని నా అభిప్రాయం.

జర్మనీలో లీప్‌జిగ్ మేయర్ కార్ల్ గోర్డెలర్ కూడా సంప్రదాయవాదే. ఎమర్జెన్సీని నాజీ పాలనతో సమం చేయడం అతిశయోక్తి. పోలిక మనుషుల తత్త్వానికే పరిమితం. ధరల కమిషనర్‌గా హిట్లర్ ప్రభుత్వానికే కొంతకాలం పనిచేసిన గోర్డెలర్, యూదు సంతతికి చెందిన సంగీతకారుడు మెండెల్సన్ విగ్రహాన్ని 1936లో నాజీలు తొలగించినందుకు పదవి వదులుకున్నాడు. హిట్లర్‌పై కుట్రలో భాగస్వామి అయ్యాడు; 1945 ఫిబ్రవరి 2న అతన్ని ఉరితీశారు. చట్టబద్ధ పాలనను నమ్మినవాడికి ఆ చట్టాన్నే కాలరాచే ఏలికను ఎదిరించక గత్యంతరం లేకపోయింది.

జనతా ప్రభుత్వం 1978లో మీసాను రద్దు చేసింది. ముందస్తు నిర్బంధాన్ని కట్టడి చేసే నిబంధనను 44వ రాజ్యాంగ సవరణలో చేర్చింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ శాసనసభలో లచ్చన్న జనతా పక్షాన ప్రతిపక్ష నాయకులయ్యారు. కానీ 1980లో జాతీయ భద్రతా చట్టం వచ్చింది, నేటికీ ఉంది. ఇక ఆ సవరణలోని నిబంధనను అమలులోకి తెచ్చే నోటిఫికేషన్‌ను ఇంతవరకు ఏ ప్రభుత్వమూ, సంస్మరణ దినం ప్రకటించిన ప్రభుత్వంతో సహా, జారీ చేయలేదు.