ఓపిక పట్టడం కాదు, ఓపిక కావాలి

మన భాషలో ఓపిక అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి ఒంట్లో ఉండే శక్తి, రెండోది సహనం. "లేచి నడిచే ఓపిక లేదు" అంటే మొదటిది. "కాస్త ఓపిక పట్టు" అంటే రెండోది. లేబర్ రూంలో ఈ రెండర్థాల మధ్య పెద్ద మోసమే జరుగుతోంది. నొప్పులు పడుతున్న స్త్రీకి కావలసింది మొదటి ఓపిక. ఆమెకి దొరికేది రెండోదాని మీద ఉపదేశం.

తొలి కాన్పులో నొప్పులు పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకు మించి సాగుతాయి. గర్భసంచి ఒక కండరం. దానికి నీళ్ళు, ఆహారం, ప్రాణవాయువు కావాలి. నాట్లేసే కూలీని అంతసేపు మంచినీళ్ళివ్వకుండా పని చేయిస్తే అన్యాయమంటాం. కాన్పు దగ్గర మాత్రం ఆ మాట అనం. లేబర్ అంటే శ్రమ అని అందరికీ తెలుసు. ఆ మాటని గది పేరుగా మార్చి, లోపల జరిగే శ్రమని మరిచిపోయాం.

ఈ శ్రమకి స్త్రీ ఎలా సిద్ధమై వస్తోంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు తొమ్మిది నెలల్లో పోదు. ఇల్లు తీసేసుకోగా మిగిలిన శక్తితో ఆమె ఆసుపత్రి మెట్లెక్కుతుంది.

నా కాన్పు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. రాత్రి చేరాను. మర్నాడు మధ్యాహ్నం దాకా నోట్లో చుక్క నీళ్ళు పడలేదు. చేతికి సెలైన్, పొట్టకి బెల్టు. నాలుగడుగులు వేస్తానంటే పడుకోమన్నారు. అమ్మ కొబ్బరినీళ్ళ సీసాతో తలుపు బయటే కూర్చుండిపోయింది. చివర్లో నర్సు, "ముక్కమ్మా, ముక్కు! ఆమాత్రం ఓపిక లేదా?" అని కసిరింది. పక్క మంచం మీది అమ్మాయితో అన్నది ఇంకా హీనం: "కాపురం చేసేటప్పుడు లేదా ఈ ఏడుపు?" ఆ ఒక్క నర్సుని తిట్టి లాభం లేదు. అన్ని మంచాలకీ ఆమె ఒక్కతే. ఆమె ఓపికనీ ఆ వ్యవస్థే పిండుతోంది.

తిండీ నీళ్ళూ మానిపించే పద్ధతికి మూలం 1946లో న్యూయార్క్ వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ రాసిన వ్యాసం. కాన్పులో పూర్తి మత్తు ఇచ్చే రోజులవి. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. ఇవాళ సిజేరియన్లు ఎక్కువగా వెన్నుకి మత్తిచ్చి చేస్తున్నారు. మత్తు మారింది, నిషేధం మారలేదు. చిక్కులు లేని కాన్పులో తిననివ్వండి, తాగనివ్వండి, నడవనివ్వండి, కోరిన మనిషిని తోడుండనివ్వండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. సర్కారు ఆసుపత్రుల్లో ఒక స్త్రీని తోడుగా అనుమతించాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. తోడు మనిషి ఉంటే నొప్పుల సమయం తగ్గుతుందనీ, సహజ కాన్పులు పెరుగుతాయనీ పరిశోధనలు తేల్చాయి. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. కావలసింది ఒక స్టూలు, ఒక మనిషి, ఒక గ్లాసు నీళ్ళు.

అదే సర్వే లెక్కన సిజేరియన్లు ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. దీనికి అందరూ చెప్పే కారణం ఒకటే: "ఈ కాలం ఆడపిల్లలకి ఓపిక లేదు." ఆకలితో పడుకోబెట్టి, కదలనివ్వకుండా, ఒంటరిని చేసి, అలసిపోగానే నేరం ఆమె మీదే మోపుతున్నారు. కోత బిల్లు ఎవరి జేబులోకి పోతోందో మాత్రం అడగరు.

నేను మంత్రసాని కాలానికి వెనక్కి పొమ్మనడం లేదు. ఆ కాలం ఎందరు తల్లుల్ని మింగిందో తెలుసు. సహజ కాన్పే స్త్రీత్వమనే కొత్త భజనా నాకు గిట్టదు. నొప్పి తెలియకుండా మందు అడగడం, సిజేరియన్ కోరుకోవడం బలహీనత కాదు. కానీ అలసట తెచ్చిపెట్టిన సమ్మతిని ఎంపిక అని పిలవలేం.

కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాసి దశాబ్దాలు గడిచాయి. ఆ కవిత మీద మనం సెమినార్లు పెట్టాం, థీసిస్‌లు రాశాం. ఆ గది తలుపు మాత్రం తట్టలేదు. మీ ఊరి ఆసుపత్రికి వెళ్ళి, తోడు మనిషిని ఎందుకు రానివ్వరో రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే మళ్ళీ అడగండి. ఓపిక పట్టడం ఇక వాళ్ళ వంతు.